లాంథనైడ్ సందీప్తితో దూరం నుంచి ఉష్ణోగ్రత కొలత: పొర కింద పెట్టగానే రీడింగ్ ఎందుకు పెరుగుతోంది?

స్ఫటిక:
సభ్యులందరికీ నమస్కారం. తాకకుండా, కేవలం వెలుగును చూసి ఉష్ణోగ్రతను కొలిచే నానో స్ఫటికాలపై నేను పరిశోధన చేస్తున్నాను. మా పదార్థం సోడియం యిట్రియం ఫ్లోరైడ్. అందులో 20 శాతం యిటర్బియం, 2 శాతం ఎర్బియం మాదీకరణం చేశాము, అంటే లాంథనైడ్లు (అరుదైన మృత్తికా మూలకాలు) అయిన ఆ రెండింటినీ స్ఫటికంలో కలిపాము. దానిపై కంటికి కనిపించని 980 నానోమీటర్ల లేజర్ కాంతి పడితే 525 దగ్గర ఒకటి, 545 దగ్గర మరొకటి, ఇలా రెండు ఆకుపచ్చ పట్టీలు వెలువడతాయి. ఈ వెలుగునే సందీప్తి అంటున్నాను. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ 545తో పోలిస్తే 525 పట్టీ బలపడుతుంది కాబట్టి, ఆ రెండింటి తీవ్రతల నిష్పత్తే మా థర్మామీటర్.

నీటిలో కలిపి క్యూవెట్‌లో (చిన్న పారదర్శక పాత్రలో) పెట్టి చేసిన క్రమాంకనం, అంటే తెలిసిన ఉష్ణోగ్రతలతో నిష్పత్తిని సరిపోల్చడం, చక్కగా వచ్చింది. నిష్పత్తి సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వచ్చింది. అయితే అదే నమూనాను మేక రక్తం కలిపిన జెలటిన్ పొర కింద పెట్టి, చుట్టూ 37 డిగ్రీలు ఉండేలా చూసినప్పుడు, లేజర్ పుంజానికి కొంచెం పక్కన ఉన్న థర్మోకపుల్ (లోహపు తీగల ఉష్ణోగ్రత సాధనం) 37 చూపిస్తుండగా వెలుగు నుంచి లెక్కించిన విలువ 44 దాకా వస్తోంది. పొర మందం పెంచితే తేడా ఇంకా పెరుగుతోంది. ఇది నిజమైన వేడా, లేక కొలతలో దొర్లుతున్న దోషమా? రెండింటినీ విడదీసే మార్గం ఎవరైనా చెప్పగలరా?

వర్ణపటం:
ప్రశ్నను చాలా స్పష్టంగా పెట్టారు, స్ఫటిక గారూ. నా అంచనా ప్రకారం మీ ఏడు డిగ్రీల తేడాలో నిజమైన వేడీ ఉంది, దోషమూ ఉంది. వాటిని విడదీయడానికి ముందు ఆ నిష్పత్తి దేనిని కొలుస్తుందో గుర్తు చేసుకోవడం అవసరం.

లాంథనైడ్ అయాన్లలో కాంతికి కారణమైన ఎలక్ట్రాన్లు 4ఎఫ్ కక్ష్యలో ఉంటాయి. వాటి పైన 5ఎస్, 5పీ ఎలక్ట్రాన్లు కవచంలా ఉండడం వల్ల చుట్టూ ఉన్న స్ఫటికం వాటి శక్తి స్థాయిలను పెద్దగా కదిలించలేదు. అందుకే వాటి రేఖలు సన్నగా, దాదాపు ఏ పదార్థంలోనైనా అవే తరంగదైర్ఘ్యాల దగ్గర కనిపిస్తాయి. ఎర్బియంలో ఆకుపచ్చ కాంతినిచ్చే రెండు స్థాయిల మధ్య శక్తి అంతరం, శక్తిని చెప్పే ప్రమాణమైన తరంగ సంఖ్యలో, సెంటీమీటరుకు సుమారు 750. ఇంత చిన్న అంతరాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర స్ఫటిక కంపనాలే దాటించగలవు కాబట్టి, ఎలక్ట్రాన్లు ఆ రెండు స్థాయిల మధ్య ఎప్పటికప్పుడు పైకీ కిందికీ మారుతూ బోల్ట్జ్‌మన్ సూత్రం చెప్పిన నిష్పత్తిలో సర్దుకుంటాయి. ఉష్ణోగ్రత పెరిగితే పై స్థాయిలో జనాభా పెరుగుతుంది, 525 పట్టీ బలపడుతుంది.

సున్నితత్వం, అంటే ఒక్క డిగ్రీకి నిష్పత్తి ఎంత శాతం మారుతుందో, అంచనా కట్టడం సులభం. 750ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో, అంటే ఈ ప్రమాణాలలో 0.695తో భాగిస్తే సుమారు 1080 కెల్విన్ వస్తుంది. దాన్ని ఉష్ణోగ్రత వర్గంతో భాగిస్తే 310 కెల్విన్ దగ్గర డిగ్రీకి 1.1 శాతం. అంటే మీ నిష్పత్తి ఏ కారణం చేతనైనా 5 శాతం మారితే థర్మామీటర్ నాలుగు డిగ్రీలకు పైగా తప్పు చెబుతుంది. 10 శాతం మారితే తప్పు ఎనిమిది డిగ్రీలు దాటుతుంది.

ఇప్పుడు రక్తం సంగతికి వద్దాం. ఆక్సిజన్‌తో కూడిన హిమోగ్లోబిన్ శోషణకు 542, 577 నానోమీటర్ల దగ్గర శిఖరాలున్నాయి. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్‌కు 555 దగ్గర శిఖరం ఉంది. ఏ రూపంలో ఉన్నా 525 కన్నా 545 కాంతినే అది ఎక్కువగా మింగుతుంది. నిష్పత్తిలో హారం తగ్గితే విలువ పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరిగినట్టే కనిపిస్తుంది. పొర మందం పెంచితే తేడా పెరగడం ఈ అనుమానాన్ని మరింత బలపరుస్తోంది.

అవనిగడ్డ మాస్టారు:
వర్ణపటం గారు చెప్పినది సరైనదే. నేను చాలా కాలం డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాను. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో లాంథనైడ్లు కలిపిన గాజులపై దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధనను ఆసక్తితో గమనిస్తూ వచ్చాను. మన రాష్ట్రంలో ఎంతో మంది విద్యార్థులు ఈ అయాన్ల వర్ణపటాలను చదవడం నేర్చుకున్నది అక్కడి పని ద్వారానే. అందుకే ఈ చర్చ నాకు ఎంతో సంతోషాన్నిస్తోంది.

ఒక్క మాట చేర్చాలనుకుంటున్నాను. 1962లో బ్రయన్ జడ్, జార్జ్ ఓఫెల్ట్ ఎవరికి వారు ఒకే సంవత్సరంలో ప్రతిపాదించిన సిద్ధాంతంతో ఈ స్థాయిల నుంచి కాంతి వెలువడే రేట్లను శోషణ వర్ణపటం నుంచే లెక్కగట్టవచ్చు. 525, 545 పట్టీల నిష్పత్తి ముందుండే గుణకం కూడా ఆ లెక్కలోనే తేలుతుంది. కొలిచిన గుణకానికీ లెక్కలో వచ్చిన గుణకానికీ మధ్య పెద్ద తేడా ఉంటే, ముందుగా అనుమానించవలసింది స్పెక్ట్రోమీటర్ స్పందన సవరణను. ప్రతి డిటెక్టర్ అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకే విధంగా గ్రహించదు. ఆ సవరణ లేకుండా ఒక ప్రయోగశాల క్రమాంకనాన్ని మరో ప్రయోగశాలలో వాడితే డిగ్రీల కొద్దీ దోషం వస్తుంది.

స్ఫటిక:
మాస్టారూ, వర్ణపటం గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. స్పందన సవరణ చేశాము. ప్రమాణ దీపంతో సరిచూసుకున్నాము. అయితే నాకు ఇంకొక సందేహం ఉంది. 980 నానోమీటర్ల కాంతిని నీరు కూడా శోషిస్తుంది కదా. జెలటిన్‌లో అత్యధిక భాగం నీరే. అటువంటప్పుడు ఏడు డిగ్రీలలో కొంత భాగం నిజంగానే లేజర్ చేసిన వేడి అయివుండదా? థర్మోకపుల్‌ను పుంజంలోకి జరిపి చూడమంటారా?

వర్ణపటం:
థర్మోకపుల్‌ను పుంజంలోకి మాత్రం జరపకండి. లోహపు కొన లేజర్ కాంతిని నేరుగా శోషించి తానే వేడెక్కుతుంది, అప్పుడు అది చెప్పే విలువ చుట్టూ ఉన్న పదార్థానికి సంబంధించినది కాదు. విద్యుదయస్కాంత క్షేత్రాలు, మైక్రోవేవ్‌లు ఉన్నచోట లోహపు తీగలు ఉన్న ఏ సాధనానికైనా ఇదే ఇబ్బంది. కాంతి థర్మామీటర్లపై ఆసక్తి పెరగడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

నీటి శోషణ మీద మీ సందేహం పూర్తిగా సమంజసం. 980 దగ్గర నీటి శోషణ గుణకం సెంటీమీటరుకు సుమారు 0.5. 808 దగ్గర అది దానికి దాదాపు ఇరవై రెట్లు తక్కువ. కాబట్టి నిజమైన వేడి తప్పక కొంత ఉంటుంది. దాన్ని విడదీయడానికి రెండు పరీక్షలు సూచిస్తాను.

మొదటిది లేజర్ సామర్థ్యాన్ని (పవర్‌ను) మార్చడం. వేర్వేరు సామర్థ్యాల దగ్గర ఉష్ణోగ్రతను కొలిచి, ఆ విలువలను సామర్థ్యం సున్నా అయ్యే చోటి వరకు పొడిగించండి. లేజర్ వల్ల వచ్చే వేడి సామర్థ్యంతో పాటు తగ్గి సున్నా దగ్గర మాయమవుతుంది. రక్తం వర్ణపటాన్ని వక్రీకరించడం వల్ల వచ్చే దోషం మాత్రం సామర్థ్యంతో నిమిత్తం లేకుండా అలాగే మిగిలిపోతుంది. రెండవది కాలాన్ని గమనించడం. లేజర్ వేసిన వెంటనే కొంత, ఆ తరువాత క్షణక్షణం, నిష్పత్తిని నమోదు చేయండి. వేడి పోగుపడడానికి సమయం పడుతుంది, శోషణకు సమయం పట్టదు. తొలి క్షణంలోనే కనిపించే తేడా శోషణది. ఆ తరువాత నెమ్మదిగా పైకి పాకేది వేడిది.

రెండు పరీక్షల ఫలితాలూ ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే మూడో కారణం వెతకాలి. ఆ మూడో కారణం ఏమై ఉండవచ్చో కూడా ఇప్పుడే చెబుతాను. లేజర్ తీవ్రత బాగా ఎక్కువైనప్పుడు ఎర్బియంలో ఇంకా పై స్థాయిలకు చేరిన ఎలక్ట్రాన్లు 555 నానోమీటర్ల పరిసరాల్లో మరో రేఖను వెలువరిస్తాయి. అది 545 పట్టీ అంచులో కలిసిపోతుంది. దానివల్ల హారం పెరిగి, ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మీ విషయంలో తేడా పైకి ఉంది కాబట్టి ఇది ప్రధాన కారణం కాదు. కానీ సామర్థ్యాన్ని మార్చే పరీక్షలో ఇది నిజమైన వేడిని కొంత కప్పేయగలదు. పట్టీ మొత్తం విస్తీర్ణాన్ని కాకుండా, ఆ రేఖ చొరబడని సన్నని భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

టర్బైన్ హాల్:
నా పని పూర్తిగా భిన్నమైన ఉష్ణోగ్రతల్లో జరుగుతుంది, అయినా ఈ చర్చలో నాకు తెలిసిన సమస్యే కనిపిస్తోంది కాబట్టి రాస్తున్నాను. గ్యాస్ టర్బైన్ పలకల మీద ఉష్ణ నిరోధక పూతలుంటాయి. అవి సాధారణంగా యిట్రియా కలిపిన జిర్కోనియా పొరలు. వాటిలోనో, వాటిపైనో లాంథనైడ్ మాదీకృత పదార్థాన్ని చేర్చి, అతినీలలోహిత లేజర్ పల్సులతో ఉత్తేజపరచి, తిరిగి వచ్చే వెలుగు నుంచి ఉపరితల ఉష్ణోగ్రతను తెలుసుకుంటాము. తిరిగే భాగానికి తీగలు కట్టడం కష్టం. పరారుణ కెమెరాతో చూస్తే ఉపరితల ఉద్గారత (వేడిని కిరణాలుగా వెలువరించే గుణం) ఎంతో ముందుగా తెలియాలి, పైగా మంట నుంచి వచ్చే వెలుగు, చుట్టూ ఉన్న గోడల ప్రతిబింబాలు కలిసి రీడింగును గందరగోళపరుస్తాయి.

ఇది కొత్త ఆలోచన కాదు. ఉష్ణోగ్రతతో మారే దీప్తిని థర్మామీటర్‌గా వాడవచ్చని 1937లోనే జర్మనీకి చెందిన పాల్ న్యూబర్ట్ పేటెంట్‌లో సూచించాడు. 1953లో ధ్వనికన్నా వేగంగా వీచే గాలిలో ఉంచిన నమూనాల ఉపరితల ఉష్ణోగ్రతను ఇలాగే కొలిచారు. ఆ రోజుల్లో వాడినవి సల్ఫైడ్ పదార్థాలు. లాంథనైడ్లు ఆ స్థానాన్ని ఆక్రమించడానికి కారణం, అవి అధిక ఉష్ణోగ్రతల దాకా వెలుగును నిలుపుకోవడమే.

ఇక్కడ నేను చెప్పదలచిన విషయం ఏమిటంటే, నిష్పత్తి పద్ధతి అన్నిచోట్లా ఒకే బలంతో పనిచేయదు. డిస్ప్రోసియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్‌ను తీసుకుందాం. దాని రెండు స్థాయిల అంతరం సెంటీమీటరుకు సుమారు 1000. 1500 కెల్విన్ దగ్గర లెక్కగడితే సున్నితత్వం డిగ్రీకి 0.06 శాతం పైచిలుకు మాత్రమే వస్తుంది. నిష్పత్తిలో 1 శాతం దోషం అక్కడ సుమారు 16 డిగ్రీల దోషమవుతుంది. ఉష్ణోగ్రత వర్గం హారంలో ఉన్నందున ఇది తప్పదు. అయినా డిస్ప్రోసియంను వదులుకోము, ఎందుకంటే దాని రేఖలు నీలి రంగు భాగంలో, 455, 480 నానోమీటర్ల పరిసరాల్లో ఉంటాయి. 1500 కెల్విన్ వద్ద వేడి వస్తువు స్వయంగా వెలువరించే కాంతి ఎరుపులో కన్నా నీలిలో చాలా తక్కువ. కాబట్టి మన సంకేతం ఆ వెలుగులో మునిగిపోకుండా నిలుస్తుంది.

చాలా సందర్భాల్లో మేము నిష్పత్తిని కాక, క్షయకాలాన్ని, అంటే లేజర్ ఆగాక వెలుగు తగ్గిపోవడానికి పట్టే కాలాన్ని, కొలుస్తాము. యూరోపియం కలిపిన యిట్రియం ఆక్సైడ్ ఎర్ర వెలుగు గది ఉష్ణోగ్రత వద్ద సుమారు ఒక మిల్లీసెకను కాలంలో క్షీణిస్తుంది. కొన్ని వందల డిగ్రీలు దాటాక ఆ కాలం వేగంగా పడిపోవడం మొదలై, కొన్ని వందల డిగ్రీల వ్యవధిలోనే అనేక రెట్లు తగ్గుతుంది. ఆ ప్రాంతంలో ఉష్ణోగ్రతను చాలా నిశితంగా చెప్పవచ్చు. స్ఫటిక గారికి ఉపయోగపడే అంశం ఇక్కడే ఉంది: దారిలో పొర ఎంత కాంతిని మింగినా మిగిలిన కాంతి అదే లయలో క్షీణిస్తుంది. ఒకే పట్టీ క్షయాన్ని చూస్తాము కాబట్టి రంగుల మధ్య పోలిక అవసరం లేదు, రక్తపు పొర ప్రభావం ఉండదు.

స్ఫటిక:
టర్బైన్ హాల్ గారూ, ఎంతో విలువైన సూచన. మా ప్రయోగశాలలో పల్స్ లేజర్ ఉంది. కానీ మా పదార్థం విషయంలో ఆకుపచ్చ క్షయకాలం 25 నుంచి 50 డిగ్రీల మధ్య ఎంత స్వల్పంగా మారుతుందంటే, ఒక్క డిగ్రీని పట్టుకోవాలంటే చాలా సేపు సంకేతాన్ని పోగుచేయవలసి వస్తుంది. శరీర ఉష్ణోగ్రతల పరిధిలో క్షయకాలం బాగా మారే పదార్థాలు ఉన్నాయా?

వర్ణపటం:
ఒక అయాన్ నుంచి మరొక అయాన్‌కు శక్తి బదిలీ అయ్యే జంటలను ఎంచుకోవాలి. బదిలీ రేటు స్ఫటిక కంపనాలపై ఆధారపడేలా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ప్రభావం గది ఉష్ణోగ్రత పరిధిలోనే ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. నియోడిమియం, యిటర్బియం జంటను ఇందుకు విస్తృతంగా పరిశీలించారు. నియోడిమియం 808 నానోమీటర్ల కాంతిని గ్రహిస్తుంది కాబట్టి నీటిని వేడిచేసే సమస్య కూడా చాలావరకు తగ్గుతుంది. రెండు సమస్యలకూ ఒకే మార్పు సమాధానమవుతుంది.

నియోడిమియంలోనే నిష్పత్తి పద్ధతి కూడా ఉంది. 880 నానోమీటర్ల దగ్గర కాంతినిచ్చే స్థాయి రెండుగా చీలి ఉంటుంది. వాటి అంతరం సెంటీమీటరుకు సుమారు 100. రేఖలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండడం వల్ల కణజాలం రెండింటినీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది, వక్రీకరణ తక్కువ. కానీ అంతరం ఇంత చిన్నదైతే 300 కెల్విన్ దగ్గర సున్నితత్వం డిగ్రీకి 0.16 శాతమే. అర డిగ్రీ ఖచ్చితత్వం కావాలంటే నిష్పత్తిని వెయ్యిలో ఒక భాగం కన్నా మెరుగ్గా కొలవాలి. ఎర్బియంలో సున్నితత్వం హెచ్చు, వక్రీకరణ ప్రమాదమూ హెచ్చు. నియోడిమియంలో రెండూ తక్కువ. ఏది నయమన్నది పొర మందం మీద, సంకేత బలం మీద ఆధారపడుతుంది.

కణశాల:
నేను జీవశాస్త్ర విద్యార్థినిని. భౌతికశాస్త్ర పరిజ్ఞానం పరిమితమే కానీ, ఈ చర్చలో అడగదగిన ప్రశ్న ఒకటి ఉందనిపిస్తోంది. శక్తి అంతరం పెరిగితే సున్నితత్వం పెరుగుతుందని వర్ణపటం గారి సూత్రం చెబుతోంది. అలాంటప్పుడు ఇంకా పెద్ద అంతరం ఉన్న అయాన్‌ను ఎంచుకుంటే సరిపోదా? మరొకటి. జీవకణం లోపల ఒకటి రెండు డిగ్రీల తేడాలున్నాయని చెప్పే పత్రాలను నేను చదివాను. స్ఫటిక గారి ఏడు డిగ్రీల తేడాను చూశాక వాటిని ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు.

అవనిగడ్డ మాస్టారు:
అమ్మా, రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదానికి సమాధానం ఇది. అంతరం పెరిగితే పై స్థాయికి చేరే ఎలక్ట్రాన్ల సంఖ్య ఘాతాంక రీతిలో పడిపోతుంది. యూరోపియంలో కాంతినిచ్చే ముఖ్య స్థాయికి, దాని పై స్థాయికి మధ్య అంతరం సెంటీమీటరుకు 1750 దాకా ఉంటుంది. కాగితం మీద 300 కెల్విన్ దగ్గర సున్నితత్వం డిగ్రీకి 2.8 శాతం వస్తుంది, కానీ ఉష్ణం వల్ల పైకి చేరే జనాభా అత్యల్పం కాబట్టి ఆ రేఖ కొలతకు అందనంత బలహీనంగా ఉంటుంది. మార్కస్ సూటా, ఆండ్రీస్ మెయరింక్ 2020లో చూపిన లెక్క ప్రకారం, అంతరాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో భాగించగా వచ్చే ఉష్ణోగ్రతలో సుమారు 0.29 నుంచి 0.5 వంతు వరకు ఉండే పరిధిలో థర్మామీటర్ బాగా పనిచేస్తుంది. ఎర్బియం విషయంలో అది సుమారు 315 నుంచి 540 కెల్విన్ వరకు అవుతుంది. శరీర ఉష్ణోగ్రత ఆ పరిధి కింది అంచుకు దగ్గరగా ఉంది. కాబట్టి ఈ పనికి ఎర్బియం అనుకోకుండా దొరికిన అయాన్ కాదు.

రెండవ ప్రశ్నకు నాకన్నా వర్ణపటం గారు బాగా చెప్పగలరు.

వర్ణపటం:
కణశాల గారూ, ఈ ప్రశ్నపై నాకు బలమైన అభిప్రాయం ఉంది, లెక్కతో సహా చెబుతాను. ఒక జీవకణం జీవక్రియ ద్వారా వెలువరించే ఉష్ణం సుమారు 100 పికోవాట్లు అనుకుందాం. పది మైక్రోమీటర్ల పరిమాణం గల ఆ కణం చుట్టూ నీరుంది. నీటి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 0.6 వాట్లు. స్థిరస్థితిలో ఆ కణం చుట్టుపక్కల కన్నా ఎంత వేడిగా ఉండగలదో లెక్కిస్తే, కెల్విన్‌లో లక్షవ వంతు, ఇంకా తక్కువ వస్తుంది. కొన్ని పత్రాలు చెప్పే ఒక డిగ్రీ తేడాకు, ఈ లెక్కకు మధ్య ఉన్న అగాధాన్ని 2014లో గియోమ్ బఫూ, ఆయన సహచరులు గట్టిగా ఎత్తిచూపారు. కణం లోపలి ఉష్ణవాహకత నీటి కన్నా కొన్ని రెట్లు తక్కువ అనుకున్నా లక్ష రెట్ల అంతరం పూడదు.

దీన్ని బట్టి ఆ కొలతలన్నీ తప్పని నేను అనడం లేదు. కానీ కణంలో ఒక డిగ్రీ తేడా ఉందని చెప్పేవారు తమ నిష్పత్తిని ఆమ్లత, స్నిగ్ధత, అయాన్ల గాఢత, లేజర్ సామర్థ్యం మార్చలేదని చూపవలసిన బాధ్యత వారిదే. 2010లో కెనడా, స్పెయిన్ పరిశోధకులు యిటర్బియం, ఎర్బియం కలిపిన నానో స్ఫటికాలను హీలా కణాలలోకి (ప్రయోగశాలల్లో పెంచే మానవ క్యాన్సర్ కణాలలోకి) పంపి ఉష్ణోగ్రతను కొలిచారు. అక్కడ కణాన్ని బయటి నుంచి 25 నుంచి 45 డిగ్రీల దాకా వేడిచేసి ఆ మార్పును పట్టుకున్నారు. బయటి వేడిని కొలవడం ఒక విషయం, కణం తనంతట తాను వేడెక్కిందని ప్రకటించడం మరొక విషయం. ఈ రెండింటినీ కలిపి ఉటంకించడం వల్లే గందరగోళం పెరిగింది.

లాంథనైడ్ స్ఫటికాలకు ఒక మేలు ఉంది. అయాన్ స్ఫటికం లోపల ఉంటుంది, 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు కవచం ఉంది, కాబట్టి కణద్రవం రసాయనికత వాటిని సేంద్రియ రంజకాలను ప్రభావితం చేసినంతగా చేయదు. అయినా నానో స్ఫటికం చిన్నదయ్యే కొద్దీ ఉపరితలం మీది అయాన్ల వాటా పెరుగుతుంది, అక్కడ నీటి అణువుల కంపనాలు శక్తిని లాగేసుకుంటాయి. మాదీకరణం చేయని పొరను పైన కప్పితే ఈ ప్రభావం బాగా తగ్గుతుంది.

తూర్పుతీరం:
మాది విశాఖ జిల్లా. భీమునిపట్నం తీరంలోని ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉందని, అందులో ఈ అరుదైన మృత్తికా మూలకాలు ఉన్నాయని అందరూ చెప్పుకుంటారు. మీరు చెబుతున్న ఎర్బియం, యిటర్బియం మన ఇసుకలోనే దొరుకుతాయా?

టర్బైన్ హాల్:
మోనజైట్‌లో ప్రధానంగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం వంటి తేలిక లాంథనైడ్లు, వాటితో పాటు థోరియం. మీరు అడిగిన ఎర్బియం, యిటర్బియం, మేము వాడే డిస్ప్రోసియం భారీ లాంథనైడ్లు. అవి మోనజైట్‌లో స్వల్పం. ప్రపంచానికి వాటిలో అధిక భాగం దక్షిణ చైనా, మయన్మార్‌లలోని బంకమట్టి నిక్షేపాల నుంచి వస్తోంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఒడిశాలోని ఛత్రపురంలో, కేరళలోని ఆలువాలో ఈ మూలకాలను శుద్ధి చేస్తోంది. అయితే థర్మామీటర్‌కు కావలసిన పదార్థం మిల్లీగ్రాములలో ఉంటుంది. ఇక్కడ ప్రశ్న లభ్యత కాదు, స్వచ్ఛత. ఎర్బియంలో ఇతర లాంథనైడ్లు సూక్ష్మంగా ఉన్నా శక్తి దారి మళ్లి వెలుగు తగ్గుతుంది. నియోడిమియం విషయంలో మాత్రం మీ తీరపు ఇసుకకు నిజమైన సంబంధం ఉంది.

స్ఫటిక:
సభ్యులు సూచించిన పరీక్షలు పూర్తిచేశాను, ఫలితాలు ఇవి.

రక్తపు జెలటిన్ పొర కింద లేజర్ సామర్థ్యాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ పోయాను. వెలుగు చెప్పిన ఉష్ణోగ్రత సామర్థ్యంతో పాటు సరళరేఖలో తగ్గింది. సున్నా సామర్థ్యానికి పొడిగిస్తే 37 రాలేదు, 41 డిగ్రీలు వచ్చింది. కాబట్టి ఏడు డిగ్రీలలో మూడు లేజర్ చేసిన నిజమైన వేడి, నాలుగు వర్ణపట వక్రీకరణ. లేజర్ వేసిన తొలి క్షణాల్లో వచ్చిన విలువ కూడా 41కి చాలా దగ్గరగా ఉంది, ఆ తరువాత అది క్రమంగా 44కి చేరింది. రక్తం కలపని జెలటిన్‌తో పునరావృతం చేసినప్పుడు సున్నా సామర్థ్యం దగ్గర 37 డిగ్రీలే వచ్చాయి, లేజర్ వేడి మాత్రం దాదాపు అంతే ఉంది. నీటి శోషణ రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఇది సబబుగానే తోస్తోంది.

తరువాత తెల్లని దీపం వెలుగును అదే పొర గుండా పంపి 525, 545 దగ్గర ఎంత కాంతి దాటి వస్తుందో కొలిచి, ఆ నిష్పత్తితో సందీప్తిని సవరించాను. నాలుగు డిగ్రీల దోషంలో చాలా భాగం పోయింది, సుమారు అర డిగ్రీ మిగిలింది. ఈ అర డిగ్రీకి కారణం ఏమిటి?

వర్ణపటం:
చాలా చక్కని పని, స్ఫటిక గారూ. రెండు స్వతంత్ర పరీక్షలు ఒకే విలువను సూచించడం వల్ల ఈ విభజనపై నాకు పూర్తి నమ్మకం కలిగింది.

మిగిలిన అర డిగ్రీకి పరిక్షేపణ కారణం కావచ్చు. తెల్లని దీపం నుంచి వచ్చే కాంతి పొరను ఒక వైపు నుంచి మరో వైపుకు దాటుతుంది. మీ స్ఫటికం నుంచి వెలువడే కాంతి అన్ని దిశలకూ చెదిరి, ఎర్ర రక్తకణాల మీద పలుమార్లు పరావర్తనం చెంది, సగటున ఎక్కువ దూరం ప్రయాణించి బయటికి వస్తుంది. దూరం పెరిగితే శోషణ పెరుగుతుంది, సవరణ సరిపోదు. దీన్ని నిర్ధారించుకోవడానికి, ఉష్ణోగ్రతతో నిమిత్తం లేని రెండు రేఖలున్న మరో అయాన్‌ను అదే లోతులో పెట్టి పొర ప్రభావాన్ని కొలవవచ్చు. ఒకే స్థాయి నుంచి వేర్వేరు కింది స్థాయిలకు పడే రేఖల నిష్పత్తి ఉష్ణోగ్రతతో దాదాపు మారదు. యూరోపియంలో అలాంటి రేఖలు అనేకం ఉన్నాయి, అయితే వాటిలో బలమైనవి 525, 545 మధ్యకు దగ్గరగా రావు. కాబట్టి వాటి నుంచి పొర మందాన్ని అంచనా వేసి, ఆ మందంతో హిమోగ్లోబిన్ వర్ణపటాన్ని వాడి మీ పట్టీలను సవరించవలసి ఉంటుంది. ఇది ఒక అడుగు ఎక్కువ పనే కానీ, ఈ విధంగా చేస్తే ప్రతి పొరకూ తెల్ల దీపం అవసరం ఉండదు. జీవించి ఉన్న కణజాలానికి ఆ దీపం పెట్టే అవకాశం ఎలాగూ ఉండదు.

అవనిగడ్డ మాస్టారు:
ఇక్కడే మరొక పరీక్ష కూడా చేయవచ్చు. మీ క్యూవెట్ క్రమాంకనాన్ని పక్కనపెట్టి, ఒక్క బిందువుతో క్రమాంకనం చేసి చూడండి. పొర కింద, అతి తక్కువ లేజర్ సామర్థ్యం వద్ద, తెలిసిన ఒక ఉష్ణోగ్రత దగ్గర నిష్పత్తిని నమోదు చేయండి. ఆ తరువాత ఏ నిష్పత్తికైనా, ఉష్ణోగ్రత విలోమం ఎంత మారిందో నిష్పత్తుల సంవర్గమానాన్నీ శక్తి అంతరాన్నీ వాడి లెక్కించవచ్చు. పొర శోషణ స్థిరంగా ఉన్నంతకాలం దాని ప్రభావం రెండు నిష్పత్తుల్లోనూ సమానంగా ఉండి కొట్టేసుకుంటుంది. సంపూర్ణ ఉష్ణోగ్రత కాక, తొలి ఉష్ణోగ్రత నుంచి ఎంత మార్పు వచ్చిందో తెలుసుకుంటే చాలనుకునే ప్రయోగాలకు ఇది ఎంతో సులభమైన మార్గం. శక్తి అంతరాన్ని మాత్రం ఊహించకుండా వర్ణపటం నుంచే నిర్ణయించాలి.

కణశాల:
జీవించి ఉన్న కణజాలంలో రక్త ప్రవాహం, ఆక్సిజన్ స్థాయి మారుతూ ఉంటాయి కదా మాస్టారూ. అప్పుడు శోషణ స్థిరంగా ఉండదు.

అవనిగడ్డ మాస్టారు:
అవునమ్మా, సరిగ్గా అందుకే అక్కడ ఈ మార్గం చాలదు. నిశ్చలమైన జెలటిన్ పొరకు అది సరిపోతుంది. కణజాలంలోకి వెళ్లినప్పుడు టర్బైన్ హాల్ గారు చెప్పిన క్షయకాలం పద్ధతిని, నియోడిమియంను ఎంచుకోవడం మేలు.

స్ఫటిక:
తదుపరి దశకు నియోడిమియం, యిటర్బియం జంటతో నమూనా తయారు చేయడం మొదలుపెట్టాము. 808 లేజర్‌తో, అదే రక్తపు పొర కింద, క్షయకాలాన్ని, నిష్పత్తిని ఒకేసారి కొలుస్తాము. రెండు పద్ధతులూ వేర్వేరు కారణాల వల్ల తప్పు చెబుతాయి కాబట్టి, అవి ఏకీభవించిన చోట మాత్రమే ఆ విలువను ఉష్ణోగ్రతగా నమోదు చేస్తాము. ఫలితాలు రాగానే ఇదే చర్చలో వర్ణపటాలతో సహా పెడతాను.